తేదీ లేని కేటాయింపు

(ఎస్.ఆర్. శంకరన్ స్మృతిలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)

సంక్షేమ హాస్టల్లో అన్నం తిని చదువుకున్న తరం ఒకటి తెలుగునాట ఉంది. ఆ తరంలో కలెక్టర్లు ఉన్నారు, ప్రొఫెసర్లు ఉన్నారు, కవులు ఉన్నారు. సచివాలయంలో సెక్షన్ ఆఫీసర్లు, ఊరి బడిలో ఎస్జీటీలు ఉన్నారు. వాళ్లలో చాలామంది ఎస్.ఆర్. శంకరన్‌ను ఎన్నడూ చూడలేదు. అయినా తమ చదువు వెనక ఆ పెద్దమనిషి చెయ్యి ఉందని వాళ్లకు తెలుసు.

శంకరన్ తమిళనాట పుట్టి, ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా తెలుగువారి మధ్య బతికారు. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం రాగానే దాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లిన అధికారుల్లో ఆయన ముందున్నారు. అది పాలకులకు కంటగింపైతే త్రిపుర వెళ్లి నృపేన్ చక్రవర్తి ప్రభుత్వంలో ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. సాంఘిక సంక్షేమ శాఖలో ఉన్నప్పుడు తన పట్టుదలంతా హాస్టళ్ల మీద, గురుకులాల మీద పెట్టారు. పెళ్లి చేసుకోలేదు. జీతం, ఆ తర్వాత పింఛను దళిత విద్యార్థుల చదువులకు ఖర్చుపెట్టారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010 అక్టోబరు 7న హైదరాబాదులో కన్నుమూశారు. అలాంటి మనిషి స్మృతిలో మాట్లాడేటప్పుడు ప్రభుత్వ ఖర్చు గురించి, అందులోనూ చదువు ఖర్చు గురించి మాట్లాడటమే న్యాయం. ఆయన ఉద్యోగ జీవితమంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: పేదవాడి పేరు మీద రాసిన రూపాయి పేదవాడికి చేరిందా?

ఆ ప్రశ్నకు ఈ ఉపన్యాసం ఇంకొక ప్రశ్న జోడిస్తోంది. చేరితే, ఎప్పుడు చేరింది?

చదువుకు ఎంత డబ్బు ఇవ్వాలన్న చర్చ ఈ దేశంలో అరవై ఏళ్లుగా నడుస్తోంది. 1966లో నివేదిక ఇచ్చిన కొఠారీ కమిషన్ జాతీయాదాయంలో 6 శాతం విద్యకు కేటాయించాలంది. 1968 విధానం ఆ మాటే అంది, 1986 విధానమూ అదే అంది, 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ అదే అంకె రాసింది. రాష్ట్రాల బడ్జెట్ల దగ్గరకు వస్తే 2025-26లో తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లు, అందులో విద్యకు 23,108 కోట్లు, అంటే దాదాపు ఏడున్నర శాతం. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ 3.22 లక్షల కోట్ల బడ్జెట్‌లో పాఠశాల విద్యకే 31,800 కోట్లకు పైగా చూపింది. ఈ అంకెలు పెరగాలి. అందులో రెండో మాట లేదు. కానీ బడ్జెట్ ప్రసంగం ముగిసి, పత్రికల్లో శాఖలవారీ పట్టికలు వచ్చేశాక ఆ డబ్బు ఏ నెలలో ఏ హాస్టల్‌కు చేరిందో చెప్పే పట్టిక మళ్లీ ఎక్కడా రాదు. ఆలస్యం కూడా కోతే. కాకపోతే అది ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కోతగా కనబడదు, దాని మీద ఎవరి సంతకమూ ఉండదు.

కేటాయింపును చట్టం చెయ్యాలన్న ఆలోచనకు తెలుగునాట సుదీర్ఘ చరిత్ర ఉంది. ఐదో ప్రణాళిక కాలంలో గిరిజన ఉప ప్రణాళిక మొదలైంది. 1970ల చివర్లో కేంద్ర హోంశాఖలో పనిచేస్తున్న పి.ఎస్. కృష్ణన్ షెడ్యూల్డు కులాలకు ప్రత్యేక కాంపొనెంట్ ప్లాన్‌కు రూపం ఇచ్చారు. ఆయనదీ ఆంధ్రప్రదేశ్ కేడరే. జనాభాలో ఎంత శాతమో ప్రణాళికా వ్యయంలో అంత శాతం దళితులకు, ఆదివాసీలకు నేరుగా ఉపయోగపడాలన్నది అందులోని సూత్రం. సూత్రం మంచిదే గాని, దానికి చట్టం అండ లేదు. డబ్బు కాగితం మీద ఉప ప్రణాళికలో ఉండేది, పని ఇంకెక్కడో జరిగేది. ఢిల్లీలో ఆ నిధులు 2010 కామన్వెల్త్ క్రీడల పనులకు మళ్లాయి. అది తప్పేనని అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం రాజ్యసభలోనే ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత రెండేళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో దళిత, ఆదివాసీ సంఘాలు, మల్లెపల్లి లక్ష్మయ్య వంటి కార్యకర్తలు, రిటైరైన అధికారులు కలిసి నడిపిన ఉద్యమం ఫలించింది. 2012 డిసెంబరులో శాసనసభ ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక బిల్లును ఆమోదించింది. అది 2013లో ఒకటో నంబరు చట్టమైంది. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. కర్ణాటక అదే ఏడాది తనదీ చేసుకుంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో వేరే చట్టం తెచ్చింది. ఒక ఏడాది ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాదికి కలపాలన్న నిబంధన పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో పదేళ్ల గడువు ముగిసే వేళ, 2023 జనవరిలో, ఆర్డినెన్స్‌తో మరో పదేళ్లు పొడిగించారు. శంకరన్ ఈ చట్టాన్ని చూడకుండానే వెళ్లిపోయారు.

తెలంగాణ చట్టంలోని మిగులు బదిలీ నిబంధన మంచి నిబంధన. మార్చి 31 అర్ధరాత్రి కేటాయింపు మురిగిపోయే పద్ధతికి అది అడ్డుకట్ట. అయితే చదువు విషయంలో అది సగం మందే. డబ్బును వచ్చే ఏడాదికి బదిలీ చెయ్యొచ్చు. ఎనిమిదో తరగతి పిల్లవాడి ఏడాదిని బదిలీ చెయ్యలేరు. జూన్‌లో రావాల్సిన నోటుపుస్తకాల డబ్బు ఫిబ్రవరిలో వస్తే ఖాతాలో అది నూటికి నూరు శాతం ఖర్చు. తరగతి గదిలో అది ఎనిమిది నెలల లోటు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కథ దీనికి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం 1944 నుంచే ఉంది. 2008-09లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పూర్తి ఫీజు భరించే పద్ధతిని బీసీలకు, ఇతర పేద వర్గాలకు విస్తరించింది. లక్షలాది ఇళ్లలో మొదటిసారి ఇంజనీరు పుట్టింది ఆ పథకంతోనే. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం ఆ ఇళ్లను అవమానించడం. కానీ పథకం పుట్టిన కొద్దికాలానికే బకాయి కూడా పుట్టింది. ప్రభుత్వాలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండైంది, పథకం పేర్లు మారాయి. బకాయి మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ వేల కోట్లుగా కొనసాగుతోంది. 2025లో తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం ఏకంగా మూతకు దిగాయి.

ఆ బకాయి బరువు ఎవరి నెత్తిన పడుతోంది? ప్రభుత్వం కళాశాలకు బాకీ. కళాశాల లెక్చరర్ జీతం ఆపుతుంది. చదువు పూర్తయిన విద్యార్థి సర్టిఫికెట్లు అడిగితే "ముందు ఫీజు కట్టు, ప్రభుత్వం ఇచ్చాక నీకు తిరిగి ఇస్తాం" అంటుంది. సర్టిఫికెట్లు ఆపవద్దని యూజీసీ, ఏఐసీటీఈ చెబుతూనే ఉన్నాయి. అయినా తల్లి చెవికమ్మలు తాకట్టు పెట్టి పిల్ల టీసీ తెచ్చుకుంటుంది. ప్రభుత్వం చెయ్యాల్సిన అప్పు కూలి కుటుంబం చేస్తోంది, అదీ నూటికి మూడు రూపాయల వడ్డీకి. ఏ రాష్ట్ర అప్పుల లెక్కలోనూ ఈ అప్పు కనిపించదు.

అమ్మ ఒడి క్యాలెండరును చూస్తే మరో రకం కోత బయటపడుతుంది. 2020 జనవరిలో చిత్తూరులో మొదలైన ఆ పథకం కింద బడికి పంపే తల్లి ఖాతాలో ఏటా 15,000 రూపాయలు వెయ్యాలి. రెండో విడత 2021 జనవరిలో పడింది. మూడో విడత 2022 జూన్‌లో. నాలుగోది 2023 జూన్‌లో. జనవరి నుంచి జూన్‌కు జరిపినందువల్ల 2021-22 ఆర్థిక సంవత్సరంలో ఒక్క విడతా పడలేదు. 2024లో ప్రభుత్వం మారింది, పథకం తల్లికి వందనం అయింది, ఇంట్లో ఎందరు పిల్లలుంటే అందరికీ అన్నారు. అది నిజంగా పెద్ద మెరుగుదల. ఆ డబ్బు పడింది మాత్రం 2025 జూన్‌లో, బడి నిర్వహణకు 2,000 మినహాయించి 13,000 చొప్పున. అంటే 2023 జూన్ నుంచి 2025 జూన్ వరకు రెండేళ్లు తల్లుల ఖాతాలు ఎదురుచూశాయి. ఒక ప్రభుత్వం తేదీ జరిపింది, తర్వాతిది మొదటి ఏడాదిని దాటేసింది. ఎవరూ కోత వేశామని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏ చట్టమూ కల్పించలేదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. అందరికీ ఇచ్చే ఇలాంటి నగదు పథకాల్లో దళిత తల్లులకు చేరిన భాగాన్ని ఉప ప్రణాళిక ఖర్చుగా చూపే అలవాటు ఆంధ్రప్రదేశ్‌లో బలపడింది. ఆ తల్లికి ఆ డబ్బు ఎలాగూ రావాల్సిందే, ఆమె ఈ రాష్ట్ర పౌరురాలు కనుక. ఉప ప్రణాళిక పుట్టింది దానికి అదనంగా, ఎస్సీ కాలనీకీ మిగతా ఊరికీ మధ్య ఉన్న తేడాను పూడ్చడానికి. సాధారణ పథకాన్నే ప్రత్యేక పద్దులో రాసుకుంటే చట్టం అక్షరం నిలబడుతుంది గాని, తేడా అలాగే మిగిలిపోతుంది.

హాస్టళ్ల సంగతి శంకరన్ మనసుకు దగ్గరిది కనుక అక్కడ కాసేపు ఆగాలి. తెలంగాణలో 2024 చివర్లో డైట్ ఛార్జీలను 40 శాతం, కాస్మెటిక్ ఛార్జీలను 200 శాతం పెంచారు. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 ఉన్నది 1,330 అయింది. ఎనిమిది నుంచి పది వరకు 1,100 ఉన్నది 1,540. ఇంటర్ నుంచి పీజీ దాకా 1,500 ఉన్నది 2,100. మంచి పని, ఆలస్యంగానైనా జరిగిన పని. కొత్త రేటు ప్రకారం ఏడో తరగతి పిల్లవాడికి రోజుకు దాదాపు 44 రూపాయలు. ఉదయం టిఫిన్, రెండు పూటలా భోజనం, సాయంత్రం తినుబండారం అన్నీ అందులోనే. ఇక ఆ 44 రూపాయల బిల్లు మూడు నెలలు ట్రెజరీలో ఆగితే ఏమవుతుంది? వార్డెన్ కిరాణా కొట్లో అరువు పెడతాడు. అరువు ముదిరితే కొట్టువాడు సరుకు నాణ్యత తగ్గిస్తాడు, లేదా ధర పెంచుతాడు. పప్పు పలచబడుతుంది. మధ్యాహ్న భోజనం వండే మహిళలదీ ఇదే పరిస్థితి. గుడ్ల బిల్లు రాకపోతే తమ పొదుపు సంఘంలో అప్పు తెచ్చి గుడ్లు కొంటారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనం బడిలో పెట్టాలని ఆదేశించింది. ఆ ఆదేశం ఇన్నేళ్లు నడిచిందంటే ఆ మహిళల అప్పులు కూడా దానికి కారణమే.

ఇంతకీ డబ్బు ఎక్కడ ఆగుతుంది? దుర్బుద్ధితో ఎవరో ఆపుతున్నారనుకుంటే అసలు సంగతి తప్పిపోతుంది. శాసనసభ ఆమోదించిన మొత్తానికి ఆర్థిక శాఖ విడతలవారీగా బడ్జెట్ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వును బట్టి జిల్లా అధికారి బిల్లు పెట్టాలి. ట్రెజరీ పరిశీలించి టోకెన్ ఇస్తుంది. అక్కడి నుంచి డబ్బు కదలాలంటే ఖజానాలో నగదు ఉండాలి, ఆర్థిక శాఖ మళ్లీ ఊ అనాలి. "బిల్లు పాసైంది, టోకెన్ వచ్చింది, డబ్బు పడలేదు" అన్న మాట ఏ ఎంఈవో ఆఫీసులోనైనా, ఏ వార్డెన్ నోటనైనా వినబడుతుంది. రాష్ట్రానికి రాబడి నెలనెలా ఒకేలా రాదు. తగ్గిన నెలల్లో రిజర్వు బ్యాంకు దగ్గర చేబదులు తీసుకోవాలి, అదీ దాటితే ఓవర్‌డ్రాఫ్టు. అప్పుల మీద వడ్డీ ఆగితే ప్రభుత్వం పరువు పోతుంది, జీతాలు ఆగితే ఉద్యోగులు రోడ్డెక్కుతారు, పింఛన్లు ఆగితే ఊళ్లు అడుగుతాయి. కాబట్టి అవి ముందు. ఎవరు అడగలేరో వాళ్ల బిల్లు వరుసలో చివరికి వెళ్తుంది. హాస్టల్ పిల్లవాడు అడగలేడు.

ఈ వరుసను నిర్ణయించడం కచ్చితంగా విధాన నిర్ణయమే. దాన్ని మంత్రివర్గం చర్చించదు, శాసనసభ ఓటు వెయ్యదు. ప్రతి నెలా ఒక ఆఫీసు గదిలో ఆ నిర్ణయం జరిగిపోతుంది.

దీన్ని పట్టుకోవాల్సింది కాగ్. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం రాష్ట్ర పద్దుల మీద కాగ్ నివేదికను గవర్నరు ద్వారా శాసనసభ ముందు పెట్టాలి. నిధులను పర్సనల్ డిపాజిట్ (పీడీ) ఖాతాల్లోకి మళ్లించి ఖర్చయినట్టు చూపడాన్ని, ఆ ఖాతాల్లో నిల్వలు పేరుకోవడాన్ని కాగ్ ఆంధ్రప్రదేశ్ నివేదికల్లో పలుమార్లు తప్పుపట్టింది. సంచిత నిధి నుంచి బయటికి వచ్చింది కనుక లెక్కలో అది ఖర్చు. ఊళ్లో మాత్రం రూపాయి కదల్లేదు. కాగ్ చెప్పేది విలువైనదే, కాకపోతే చెప్పేసరికి ఏడాదో రెండేళ్లో దాటిపోతాయి. ఎనిమిదో తరగతి నాటి డబ్బు ఆగిందని నివేదిక వచ్చేటప్పటికి ఆ పిల్లవాడు పది పరీక్షలు రాసి వెళ్లిపోయాడు. నివేదికలేమో సమావేశాల చివరి రోజున సభలో పెట్టడం ఆనవాయితీ అయింది. ఆ తర్వాత ప్రజా పద్దుల సంఘం వాటిని ఎప్పుడు విప్పి చూస్తుందన్నది ఆ సంఘం ఓపికను బట్టి ఉంటుంది.

ఆలస్యాన్ని చట్టం గుర్తించలేదా అంటే, గుర్తించిన సందర్భం ఒకటి ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కూలీకి పదిహేను రోజుల్లో వేతనం ఇవ్వాలంది. దాటితే రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం చెల్లించాలని రెండో షెడ్యూలులో రాశారు. అమలులో అధికారులు ఆలస్యాన్ని తమ దగ్గర బిల్లు తయారయ్యేదాకానే లెక్కగట్టారు. ఆ తర్వాత డబ్బు కూలీ ఖాతాకు చేరడానికి పట్టిన రోజులను వదిలేశారు. 2018లో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు ఆ రెండో దశ ఆలస్యం నుంచి కూడా కేంద్రం తప్పించుకోలేదని తేల్చింది. చదువు డబ్బు విషయంలో నేర్చుకోవాల్సింది సరిగ్గా ఇక్కడే ఉంది. గడియారం టోకెన్ దగ్గర ఆగకూడదు. డబ్బు చేరే దాకా నడవాలి.

అదే ఉపాధి హామీలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మరో దారి చూపించింది. 2006 నుంచి సామాజిక తనిఖీ మొదలైంది, 2009లో దానికోసమే ఒక స్వతంత్ర సొసైటీ ఏర్పడింది. కూలీల ఇళ్ల నుంచే వచ్చిన యువతీయువకులు మస్టర్ రోళ్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. నీ పేరు మీద ఇన్ని రోజుల పని రాసి ఉంది, చేశావా, డబ్బు అందిందా అని అడిగారు. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందే అది చదివారు. చదివినవాళ్లకు బెదిరింపులు వచ్చాయి, వసూలు కావాల్సిన సొమ్ము చాలాచోట్ల వసూలు కాలేదు కూడా. అయినా చదువురాని మనిషి ప్రభుత్వ ఖాతా పుస్తకాన్ని ప్రశ్నించే హక్కు అక్కడ నేల మీద కాళ్లు మోపింది. దేశమంతా ఆ నమూనాను చూడటానికి వచ్చింది. బడుల దాకా, హాస్టళ్ల దాకా ఆ నమూనా అంత బలంగా రాకపోవడమే విచారకరం.

సమాచారం బయటపెడితే ఏమవుతుందో చెప్పడానికి ఉగాండా ఉదాహరణను ఆర్థికవేత్తలు ఎప్పుడూ ప్రస్తావిస్తారు. 1991-95 మధ్య అక్కడి ప్రాథమిక బడులకు కేంద్రం పంపిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే బడికి చేరిందని ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు రీనిక్కా, స్వెన్సన్ సర్వేలో తేలింది. ప్రభుత్వం ఏ జిల్లాకు ఏ నెల ఎంత పంపిందో పత్రికల్లో ప్రచురించడం, బడి గోడ మీద అంటించడం మొదలుపెట్టింది. 2001 నాటికి చేరే వాటా 80 శాతం దాటింది. ఆ మెరుగుదల అంతా పత్రికా ప్రకటన వల్లే కాదని, అదే కాలంలో ఇతర ఆర్థిక సంస్కరణలూ జరిగాయని తర్వాత పరిశోధకులు అన్నారు. ఆ అభ్యంతరం సబబైనదే. ఒక్క ప్రకటనతో ప్రభుత్వం మారదు. కానీ ఎంత రావాలో తెలియని తల్లిదండ్రులు ఎంత రాలేదో అడగలేరన్నది మాత్రం ఏ పరిశోధకుడూ కాదనలేదు.

తల్లిదండ్రుల చేతికి ఖాతా ఇస్తే వాళ్లు చూసుకోగలరనడానికి సొంత గడ్డ మీదే నిదర్శనం ఉంది. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన మనబడి నాడు-నేడు తొలి దశలో 15,715 బడుల పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారా జరిగాయి. మరుగుదొడ్లలో నీళ్లు, ఫ్యాన్లు, బల్లలు, ప్రహరీలు వచ్చాయి. కమిటీ సభ్యురాలైన కూలి మహిళ సిమెంటు బస్తాలు లెక్కపెట్టింది. రెండో దశలో బిల్లులు ఆగిన చోట అదే కమిటీ చేష్టలుడిగి, పైకప్పు పడని గదుల ముందు నిలబడాల్సి వచ్చింది. తెలంగాణలో 2022 మార్చిలో వనపర్తిలో ప్రారంభమైన మన ఊరు-మన బడి 26,065 బడులకు 7,289 కోట్లని ప్రకటించింది. తొలి దశకు 9,123 బడులను ఎంచుకుంది. అక్కడా బిల్లుల ఆలస్యమే పనులకు అడ్డమైంది. స్థానిక కమిటీకి బాధ్యత అప్పగించి, డబ్బు తేదీని మాత్రం రాజధానిలో ఉంచుకుంటే జవాబుదారీ కింది మనిషి మీద పడుతుంది, అధికారం పైనే ఉండిపోతుంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ గ్రాంట్ల వినియోగాన్ని గమనించే పని పాఠశాల యాజమాన్య కమిటీకి ఇచ్చింది. రాని గ్రాంటును గమనించి ఏం చెయ్యాలో చెప్పలేదు.

చెయ్యదగ్గది చాలా స్పష్టంగా ఉంది. రెండు రాష్ట్రాల ఉప ప్రణాళిక చట్టాల్లో చదువుకు సంబంధించిన పద్దులకు చెల్లింపు తేదీ చేర్చాలి. హాస్టల్ డైట్ బిల్లుకు నెల, ఫీజుకు సెమిస్టరు, పుస్తకాలకూ దుస్తులకూ బడి తెరిచే రోజు. తేదీ దాటితే ఉపాధి హామీలో ఉన్నట్టే పరిహారం, అదీ విద్యార్థికి. ఏ హాస్టల్ బిల్లుకు ఏ రోజు టోకెన్ వచ్చింది, ఏ రోజు డబ్బు పడింది అన్న వరుసను ఆర్థిక శాఖ నెలనెలా తెలుగులో ప్రకటించాలి. ఆ కాగితం హాస్టల్ గోడ మీద ఉండాలి. బడ్జెట్ పత్రాల్లో కేటాయింపుల పక్కనే చదువు బకాయిల పట్టిక, ఏ ఏడాదివో వేరుచేసి, ఉండాలి. దీనికి అదనంగా ఒక్క కోటి కూడా కేటాయించక్కర్లేదు. ఉన్న డబ్బు వరుస మారితే చాలు. వరుస మారితే ఇంకెవరి బిల్లో వెనక్కి వెళ్తుంది. కాంట్రాక్టరుదో, ప్రకటనలదో, ఇంకొకటో. ఆ ఎంపిక బహిరంగంగా జరగాలి, దానికి ఒక మంత్రి పేరు ఉండాలి.

ఇవన్నీ సభ ద్వారానే జరగాలి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29 ఎస్సీ, 7 ఎస్టీ రిజర్వుడు స్థానాలు ఉన్నాయి. తెలంగాణలో 19, 12. మొత్తం 67 మంది. వాళ్లు అధికార పక్షంలోనూ ప్రతిపక్షంలోనూ ఉన్నారు, రెండు రాష్ట్రాల్లోనూ మంత్రులుగా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ చట్టం పొడిగించిన గడువు 2033 జనవరి దాకా ఉంది, సవరణకు కావలసినంత సమయం ఉంది. ఈలోగా ఆ 67 మందిలో ఏ ఒక్కరైనా వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయంలో అడగాల్సిన ప్రశ్న ఇది: గత ఏడాది జూన్ నుంచి తమ నియోజకవర్గంలోని ప్రతి సంక్షేమ హాస్టల్ డైట్ బిల్లు ఏ తేదీన పెట్టారు, ఏ తేదీన చెల్లించారు, మధ్యలో ఆపిన అధికారి ఎవరు, ఏ ఉత్తర్వు ప్రకారం ఆపారు?